రైలు తిరగని మూల

పంజాగుట్ట స్టేషన్ దాటి మెట్రో రైలు అమీర్‌పేట వైపు వంపు తిరుగుతుంటే చక్రాలు కీచుమంటాయి. పెట్టెలో ఎవరికీ పట్టదు. అందరి చెవుల్లో ఏదో ఒకటి దూరి ఉంటుంది. నా చెయ్యి మాత్రం దానంతటదే పక్కనున్న కడ్డీని గట్టిగా పట్టుకుంటుంది. నేను పడతానని భయం లేదు, రైలు పడుతుందేమోనని. మొన్న ఒకమ్మాయి నన్ను చూసి, "ఆంటీ, భయమైతుందా? కూసోండ్రి" అని లేచి సీటిచ్చింది. కూర్చున్నాను. ఈ వయసులో సీటిస్తే వద్దనే గొప్పలకు పోకూడదు. కానీ ఆ పిల్లకు ఏమని చెప్పను? ఈ మెట్రో కన్నా చాలా ముందే అమీర్‌పేటలో ఒక రైలు నడిచిందనీ, అది వంపు దగ్గరికి రాగానే ప్రతిసారీ పక్కకు పడిపోయేదనీ చెబితే, పాపం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటుంది.

ఆ రైలు నడిచింది మేడమీద రేకుల గదిలో. మేడ మాది కాదు, మేం అద్దెకున్నవాళ్ళం. గల్లీ మూల మీద ఇంటివాళ్ళ గూన పెంకుల ఇల్లు, దాని వెనక వాళ్ళే తర్వాత కట్టించిన చిన్న డాబా. డాబాలో మేం. ఇంటాయనను నేను తాత అనేదాన్ని, ఆయన భార్యను అవ్వ అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు. మేం సముద్రం వైపు నుంచి ఉద్యోగం వెంట వచ్చినవాళ్ళం. వాళ్ళు ఎప్పటి నుంచో ఇక్కడే జొన్నలు పండించుకుని, ఆ చేలన్నీ ఒక్కొక్కటే ఇళ్ళ స్థలాలైపోతుంటే చూస్తూ ఉండిపోయినవాళ్ళు. అయినా అవ్వ సర్వపిండి చేస్తే మొదటి ముక్క నాదే. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు గిన్నె అడుగున ఎర్రగా కాలే వాసన మా మెట్ల దాకా వచ్చేది. అమ్మ గోంగూర పచ్చడి నూరితే సగం అటు వెళ్ళేది. "గింత పులుపు ఎట్ల తింటరమ్మా మీరు" అంటూనే అవ్వ గిన్నె ఖాళీ చేసి పంపేది.

నాన్న మాసబ్ ట్యాంక్‌లో ఒక సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. వంతెనలకూ కల్వర్టులకూ బొమ్మలు గీసే పని. ఆయన పుట్టి పెరిగిన ఇల్లు రైలు గేటు పక్కన. మంచం కాస్త కదిలితేనే నిద్రపట్టే అలవాటు. అమీర్‌పేటలో మంచాలు కదలవు కదా, ఇక రోజూ అదే గొడవ. "రైలు కూత వినపడని చోట మనుషులెలా ఉంటారే" అనేవాడు. "బస్సు హారన్లు వింటూ ఉంటారు. మీరూ వినండి" అనేది అమ్మ.

సాయంత్రాలు నాన్నా, తాతా పెంకుటింటి అరుగు మీద కూర్చునేవాళ్ళు. తాత తలకు తెల్ల రుమాలు, నాన్నకు కళ్ళజోడు. మధ్యలో ఇత్తడి చెంబుతో నీళ్ళు. అలాంటి ఒక సాయంత్రమే తెలిసింది, తాత పుట్టి బుద్ధెరిగాక రైలెక్కలేదని.

నాన్న నమ్మలేకపోయాడు. "అదేంటి బాబాయిగారూ, ఒక్కసారి కూడానా?"

"గా రైలుల కూసోని పోయేటందుకు నాకేం పనుండె సారూ? నా చెల్క గిక్కడనే, నా ఇల్లు గిక్కడనే. పని లేంది యాడికి పోవాలె?"

"అయితే ఉండండి. రైలునే మన గల్లీకి తెప్పిద్దాం."

"ముందు పంపులోకి నీళ్ళు తెప్పించండి" అని లోపలి నుంచి అమ్మ.

నాన్నకు ఒక పిచ్చి పట్టిందంటే ఇక అంతే. ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేసి, విదేశాల్లో పెద్దవాళ్ళు కూడా చిన్న చిన్న రైళ్ళు కట్టుకుంటారనీ, అవి ఆటబొమ్మలు కావనీ, ఒక్కో మేకూ అసలుదానికి సరిపోయే కొలతలో ఉంటుందనీ కనుక్కొచ్చాడు. రేకుల గదిలో పాత తలుపు చెక్కలన్నీ కలిపి గోడ నుంచి గోడ దాకా ఒక బల్ల వేశాడు. దాని మీద మా గల్లీ మొత్తం రావాలి. ఇళ్ళు, బావి, చెత్తకుండీ, కిరాణా కొట్టు, అన్నీ. లేనిదల్లా రైలు కాబట్టి దాన్ని గల్లీ చుట్టూ నడిపిద్దామన్నాడు. "అసలులో అడుగుంటే ఇక్కడ పావు అంగుళం. దేవుడొచ్చి అడిగినా పావు అంగుళమే" అని మొదటి రోజే శాసనం చేశాడు. ఆ లెక్కన మనిషి అగ్గిపుల్ల కన్నా కాస్త పొట్టి.

శాసనం అమలు చేయాలంటే గల్లీని కొలవాలి. ఆదివారం పొద్దున నాన్న టేపు పట్టుకుని బయల్దేరాడు, రెండో కొస పట్టుకునే ఉద్యోగం నాది. నాలుగో ఇంటికి చేరేసరికి గల్లీలో కలకలం. రోడ్డు వెడల్పు చేస్తున్నారనీ, సర్కారు నుంచి మనిషొచ్చి గోడలు కొలుస్తున్నాడనీ పుకారు. ఒకామె గోడ మీద చేతులు చాపి నిలబడింది. "జర ఆగు అన్నా, గీ గోడ మొన్ననే కట్టినం. నీకు చాయ్ పోస్త, గా టేపు లోపల వెట్టు" అంది. నాన్న రైలు సంగతి చెబుతున్నకొద్దీ ఆమె ముఖం తెల్లబోయింది. గల్లీలోకి రైలు కూడా వస్తుందని విని పక్కింటామె తులసికోట దగ్గర కూలబడిపోయింది. చివరికి తాత వచ్చి, "అరె భాయ్, ఆట సామాను. అగ్గిపెట్టంత రైలు. ఫికర్ చెయ్యకుండ్రి" అని అందరినీ లోపలికి పంపాడు. అప్పుడు నవ్వుకున్నాం గానీ, ఆ వేళ భయపడ్డవాళ్ళను తలుచుకుంటే ఇప్పుడు నవ్వు రాదు.

ఇక మా ఇంట్లో ఏ వస్తువూ మా అమ్మది కాకుండా పోయింది. ఆవిడ పిండి జల్లెడ బంజారా హిల్స్ బండల దగ్గర ఏరుకొచ్చిన రాతిపొడి జల్లించడానికి వెళ్ళి మళ్ళీ వంటింటి ముఖం చూడలేదు. టీ వడగట్టిన పొడి ఎండబెడితే మట్టి. బీరకాయ పీచుకు ఆకుపచ్చ రంగేస్తే చెట్లు. చీరల అట్టపెట్టెలు గోడలు. విరిగిన గొడుగుల ఊచలు పట్టాలు. వానాకాలం వెళ్ళాక గల్లీలో విరిగిన గొడుగులన్నీ మా గడపకే చేరేవి. అగ్గిపుల్లలు పేర్చి వాటి మీద ఊచలు పరిచి, కొసలు అతికించేటప్పుడు టంకం పొగ గదంతా కమ్ముకునేది. ఘాటుగా, కొంచెం తియ్యగా ఉండే వాసన. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "అన్నం తినేది ఉందా, ఇదే పీలుస్తారా" అని అడిగి వెళ్ళేది.

ఇంజను ఒక మాత్రల గొట్టం. కానీ అసలు సంగతేమిటంటే ఇంజను లాగదు. పాడైపోయిన టేప్ రికార్డరు మోటారూ బ్యాటరీలూ వెనకున్న పొడుగాటి పెట్టెలో దాచాడు నాన్న. ఆ పెట్టె తోస్తే ఇంజను ముందుకు పోతుంది. "మా ఇంట్లోనూ అంతే" అన్నాడొకసారి, అమ్మ వినకుండా.

నేను చేసిన ఘనకార్యం ఒకటే. ప్లాట్‌ఫారం మీద జనం లేరని బెల్లం పొడి చల్లాను. చీమలు బారులు తీరి వచ్చాయి. నాకైతే ప్రయాణికుల్లా ముచ్చటగానే ఉన్నారు. నాన్న వచ్చి చూసి తిట్టలేదు, లెక్క వేశాడు. "ఈ కొలతలో చీమంటే పిల్లికూనంత ఉంటుందమ్మా. రైల్వే స్టేషన్లో ఇన్ని పిల్లులుంటాయా?" ఆ మర్నాడు గోడ మీద బల్లి కనిపిస్తే తాతే అన్నాడు, "సారూ, మొసలొచ్చింది సూడుండ్రి" అని.

ఇళ్ళన్నీ నాన్న అట్టతో చేశాడు. మూల మీది పెంకుటింటిని మాత్రం తాత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది ఆయనే చేయాలి. మెత్తటి మట్టి తెప్పించి, చీపురుపుల్ల మీద చుట్టి, ఆరాక నిలువునా కోస్తే గూన పెంకులు. అవ్వ వాటిని కుంపటి బూడిదలో కాల్చేది. కాలిన మట్టి వాసనకు నేను ఒకటి నోట్లో వేసుకుని కొరికాను కూడా. గోడకు సున్నం, కింద ఎర్రటి జాజు పట్టీ. తలుపును మాత్రం టేకు చెక్క మీద చెక్కి, గుండుసూది తలలు బొడిపెల్లా దిగ్గొట్టాడు.

"తలుపుకే ఇన్నాళ్ళు పట్టిందేం తాతా?" అని అడిగాను.

"గీ దర్వాజ మా నాయనది బిడ్డా. మా పాత ఇల్లు గా పెద్ద సడక్ ఉన్నకాడ ఉండె. సడక్ వేస్తం, జరుగుండ్రి అన్నరు. ఎవరు అడగలే, సెప్పిపోయిండ్రు గంతే. ఇల్లు కూలగొట్టినంక నేనూ మా నాయనా గీ దర్వాజ బండి మీద ఏస్కోని ఈడికొచ్చినం. మా నాయన బండి ఎన్క నడుసుకుంట, దర్వాజ మీద చెయ్యి తియ్యలే."

తర్వాత ఆయన అరుగు చేసి, దాని మీద ఇద్దరు మట్టి మనుషులను కూర్చోబెట్టాడు. ఒకాయన తలకు తెల్ల రుమాలు, ఇంకొకాయన ముక్కు మీద సన్నటి తీగతో కళ్ళజోడు. నాన్న వంగి వాళ్ళ ముఖాలు దగ్గరగా చూశాడు. స్కేలు తెచ్చి కొలవకపోవడం ఆయన జీవితంలో అదొక్కసారేననుకుంటాను.

చిక్కు అక్కడే వచ్చింది. పెంకుటిల్లు గల్లీ మూల మీద ఉంది, బల్ల మూల గది గోడకు ఆనుకుని ఉంది. ఇంటికీ గోడకూ మధ్య ఉన్న కాస్త జాగాలోనే పట్టాలు వంపు తిరగాలి. ఇంజను తిరిగేది. వెనక పొడుగాటి పెట్టె తిరగలేక అరుగును రాసుకుని, చక్రం పట్టా ఎక్కి, పక్కకు దబ్బున పడేది. పట్టాలు సరిచేశాడు, చక్రాలు మార్చాడు, పెట్టెలో బరువు పెట్టాడు. ఏం చేసినా అదే చోట పడింది. పెట్టెను అంగుళం పొట్టి చేయొచ్చుగా అంది అమ్మ. నాన్న ఆవిడ వంక, పూజగదిలో చెప్పులతో నిలబడ్డ మనిషిని చూసినట్టు చూశాడు. కొలత తప్పుతుంది కదా.

"పోనీ ఇంటిని రెండంగుళాలు లోపలికి జరుపుదామా బాబాయిగారూ?" అని అడిగాడు ఒకరోజు.

"ఒక్కసారి జరిగిన సారూ. మల్ల జరగ" అన్నాడు తాత, నవ్వుతూనే. నాన్న కూడా నవ్వాడు. అది నవ్వే మాట కాదని ఆయనకు తోచలేదు.

రైలు ప్రారంభం దసరా రోజని తాతే గల్లీ అంతా చాటాడు. ఆ పొద్దున ఆయన కొత్త ధోవతి కట్టుకుని, శుభమని పాలపిట్టను చూడడానికి నలుగురితో కలిసి వెళ్ళాడు. రేకుల గదిలో రైలు మళ్ళీ పడింది. ఇంకోసారి నడిపితే ఇంకోసారి పడింది. జనం వచ్చే వేళవుతోంది, నాన్నకు చెమటలు. చివరికి రెండు చేతులతో పెంకుటింటిని, అరుగుతో సహా, ఆ ఇద్దరు మనుషులతో సహా ఎత్తి కిటికీ గూట్లో పెట్టాడు. ఆ జాగాలోంచి పట్టాలను వెడల్పుగా తిప్పాడు. "ఈ ఒక్క పూటకే" అన్నాడు, నాతోనో తనతోనో. రైలు సాఫీగా తిరిగింది. నాన్న ముఖం ఎంత వెలిగిందని. నాకూ సంతోషమే. పడలేదు కదా అదే చాలనుకున్నాను.

మెట్ల మీద కూడా జనం. గోడకు చేతులు చాపిన ఆమె తన గోడను గుర్తుపట్టి అందరికీ చూపించింది. రైలు గల్లీ చుట్టూ తిరుగుతుంటే పిల్లలు చప్పట్లు. తాత వెనక నుంచి మెడ చాపి చూస్తున్నాడు. ముందు అడిగింది అవ్వ. "గిదేంది, మన ఇల్లు లేదు?"

తాత మూల వైపు చూశాడు. ఆయన ఇల్లు ఉండాల్సిన చోట పట్టాలు. రైలు దాని మీదుగానే పోయింది. ఆయన కిటికీ గూటి వైపు కూడా చూశాడు.

"రైలు కోసం తీసినవా సారూ" అన్నాడు. మెల్లగానే అన్నాడు. జనంలోంచి దారి చేసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. దసరా సాయంత్రం ఇక్కడివాళ్ళు జమ్మి ఆకు తెచ్చి, బంగారమని చెప్పి పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, కాళ్ళకు దండం పెట్టి, అలాయ్ బలాయ్ అంటూ ఒకరినొకరు కావలించుకుంటారు. ఏడాదంతా మాటల్లేనివాళ్ళు కూడా ఆ ఆకుతో కలిసిపోతారు. మా వైపు జమ్మిచెట్టుకు పూజ ఉంది గానీ ఇది లేదు. తాత అరుగు మీద కూర్చున్నాడు. గల్లీ గల్లీ అంతా వరసగా వచ్చి ఆయన చేతిలో ఆకు పెడుతోంది. నాకెవరో పిల్లలు ఇచ్చిన ఆకు పట్టుకెళ్ళి నేనూ పెట్టాను. ఆయన నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. రుమాలులో అత్తరు వాసన.

అప్పుడొచ్చాడు నాన్న. చేతిలో చుట్టిన ట్రేసింగ్ కాగితం. మధ్యాహ్నమంతా కూర్చుని గీశాడు. అరుగు మీద దాన్ని పరిచి, ఎగరకుండా చెంబు పెట్టి, పెన్సిలుతో వంపు చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. "చూడండి బాబాయిగారూ, పెట్టె పొడవు ఇంత ఉన్నప్పుడు వంపు ఇంతకన్నా తగ్గకూడదు. ఇక్కడ గోడ అడ్డం. అంచేత వేరే దారి లేదు, ఇది లెక్క." తాత కాగితం వంక చూడలేదు. నాన్న చేతుల వంక చూశాడు. ఒక చేతిలో పెన్సిలు, రెండో చేతిలో స్కేలు.

"మంచిది సారు. సమజైంది" అన్నాడు తాత, లేచి లోపలికి పోయాడు.

తర్వాత గొడవేమీ జరగలేదు. జరిగితే బాగుండేది. తాత మర్యాదగానే ఉన్నాడు, సర్వపిండి వస్తూనే ఉంది. కానీ అరుగు మీద ఇద్దరూ కూర్చోవడం మానేశారు. నాన్న కొన్నాళ్ళు సాయంత్రం గుమ్మంలో నిలబడి అటు చూసేవాడు. పిలుస్తాడని ఈయన, వస్తాడని ఆయన. ఏడాది తిరగకుండానే నాన్న శ్రీనగర్ కాలనీలో వేరే ఇల్లు చూశాడు. గదిలోపలే కట్టిన బల్ల కాబట్టి ద్వారంలోంచి రాలేదు, రంపంతో కోయాల్సి వచ్చింది. మా గల్లీ ముక్కలు ముక్కలైంది. చెక్కకు అతుక్కోకుండా మిగిలింది కిటికీ గూట్లోని పెంకుటిల్లు ఒక్కటే. నాన్న దాన్ని తువ్వాల్లో చుట్టి తనే పట్టుకున్నాడు. మంచాలు బండికెత్తడానికి తాత కూడా ఒక చెయ్యి వేశాడు. అవ్వ మాత్రం బయటికి రాలేదు.

శ్రీనగర్ కాలనీలో నాన్న ఏ రైలూ కట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత, నేను కాలేజీకి వచ్చాక, ఒక ఆదివారం ఆ పొడుగాటి పెట్టెను బయటికి తీసి అంగుళం కోసేశాడు. నేల మీద నాలుగు గొడుగు ఊచలు వంచి పరిచి, మూల మీద పెంకుటిల్లు పెట్టి, చేత్తో తోసి చూశాడు. అరుగుకు తగలకుండా తిరిగింది. ఎంత సుళువుగా తిరిగిందో. చొక్కా వేసుకుని, ఇంటినీ పెట్టెనూ సంచిలో పెట్టుకుని అమీర్‌పేట బస్సెక్కాడు.

మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. అక్కడ ఇల్లు లేదు. పెద్ద గొయ్యి, అందులో వాననీళ్ళు, చుట్టూ రేకులు. తాత పోయి అప్పటికే కొంతకాలమైందని, అవ్వ కూతురి దగ్గరికి వెళ్ళిందని కిరాణా కొట్టాయన చెప్పాడట. నాన్న సంచి అల్మారా మీద పెట్టాడు. తర్వాత దాని మాట ఎత్తలేదు, ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. ఆయన పోయాక ఆ సంచి నాకొచ్చింది. పొట్టి పెట్టె ఎక్కడ పోయిందో తెలియదు.

అవ్వను మళ్ళీ చూస్తాననుకోలేదు. అమీర్‌పేటలో చీరల కొట్లో ఒకావిడ ముఖం చూసి అవ్వ ముఖమే అనిపించి పలకరిస్తే, ఆమె కూతురే. అవ్వ బతికే ఉందంది. ఆ వారమే పెంకుటిల్లు పట్టుకుని సనత్‌నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. అవ్వ మంచం మీద చిన్నగా అయిపోయి ఉంది గానీ నన్ను గొంతు బట్టే పోల్చింది. ఇంటిని ఒళ్ళో పెట్టాను. పెంకులు తడిమింది. తలుపు మీది గుండుసూది తలలు ఒక్కొక్కటే వేలితో తాకింది.

"ఇద్దరు ఇంక కూసునే ఉన్నరు సూడు" అంది, అరుగు మీది మనుషులను చూపిస్తూ.

నాన్న పెట్టెను కోసిన సంగతి, ఆ గొయ్యి దాకా వెళ్ళొచ్చిన సంగతి చెప్పాను. తాతకు చాలా కోపం వచ్చింది కదా అవ్వా, అన్నాను.

"కోపమేంది బిడ్డా. జనాలు జమైతున్నరు, రైలు వడుతున్నది, జర తీసి పక్కకు పెడదామా అని మీ నాయన అడిగితే, ఆయననే తీసి పక్కకు పెట్టెటోడు. అడగలే, గంతే." కాసేపు ఊపిరి తీసుకుంది. "గా దసరా పొద్దుమీకి అరుగు మీద కూసోని మీ నాయన కోసం సూసిండు. సారు జమ్మి వట్టుకొస్తడు, అలాయ్ బలాయ్ తీస్కుంట, అయిపోతది అన్నడు. మీ నాయన కాయితం వట్టుకొచ్చె."

నేను ఏడ్చాను. అవ్వ ఏడవలేదు. ఇంటిని నా చేతుల్లో పెట్టి, "నువ్వే ఉంచుకో. నేను అసలు ఇంట్లనే ఉంటిని గదా" అంది.

నాన్న ఉంటే ఈ మాట చెప్పి ఉండేదాన్నా? చెప్పేదాన్నే అనుకుంటాను. విని తట్టుకునేవాడా అన్నది తెలియదు. రైలు ఆ వంపు ఎందుకు తిరగలేదో ఆయన అన్నేళ్ళు లెక్క కట్టాడు. ఆకు సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పడానికి నాకూ తెలియదు, ఆ సాయంత్రం అక్కడే నిలబడి చూసినా.

ఆ మూల మీద ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలు. మెట్రో కిటికీలోంచి దాని మీద ఆరేసిన బట్టలు కనపడతాయి. దసరా ముందు అమీర్‌పేట స్టేషన్ మెట్ల కింద జమ్మి కట్టలు పెట్టుకుని అమ్ముతారు. ఏటా ఒక కట్ట కొంటాను. ఇవ్వాల్సిన చెయ్యి లేదు, పుచ్చుకోవాల్సిన చెయ్యీ లేదు. ఇంటికొచ్చి అరుగు మీది ఇద్దరి మధ్యా ఒక ఆకు పెడతాను. ఆ కొలతలో అది వాళ్ళిద్దరి కన్నా పెద్దది.